చెయ్యేటి సీమలో చిన్న గాజుకొలను

నందలూరు సౌమ్యనాథస్వామి ఆలయమున పైకప్పు రాతిపై చెక్కిన చేప యొకటి కలదు. చెయ్యేరు పొంగి, ఆలయమెల్ల మునిగి, వరదనీరు ఆ రాతిచేపను తాకిన నాడు అది ప్రాణము దాల్చి యీదుకొని పోవుననియు, కలియుగాంతమునకు అదియే గుర్తనియు చుట్టుపట్ల పల్లెలవారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఏడాదిలో అధికభాగము ఎండిన ఇసుకమేటగా పడియుండు ఏటి యొడ్డున నిలిచి, ఎన్నటికో రానున్న నీటి కొరకు చేపను ముందుగానే చెక్కి యుంచిన ఆ శిల్పి యూహ ఈ సీమవారికి తప్ప పరులకు సులభముగా బోధపడదు. ఇచ్చట నీరు ఎన్నడును సామాన్య వస్తువు కాదు. ఉండవలసినపుడు ఉండదు, వచ్చినపుడు, 2021 నవంబరు 19వ తేదీన అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పులపత్తూరు, మందపల్లి మొదలగు గ్రామములను ముంచి జనులను పొట్టన పెట్టుకొన్నట్లు, పట్టపగ్గములు లేక వచ్చును. ఈ రెంటికిని నడుమ నీటిని మితముగా నిలిపి, అందు జీవులను పోషించుట ఈ సీమలో ఒక విద్య. ఆ విద్యయొక్క అతి చిన్న రూపమును గూర్చియే ఈ వారము ముచ్చటింప దలచితిని.

ఇంటి నడవలో ఒక గాజుతొట్టె నిలిపి, అందు సజీవములైన మొక్కలు నాటి, గుంపుగా తిరుగాడు సాధుస్వభావము గల చిన్న చేపలను పెంచవలెనన్న కోరిక ఇటీవల రాజంపేట వంటి చిన్న పట్టణములలోను పలువురికి కలుగుచున్నది. అది చాల మంచి కోరిక. కాని దుకాణమునకు పోయిన వాని కంటికి మొట్టమొదట ఆనునది చేప. ఎఱ్ఱనిదో నీలిదో ఒక జత చేపలను ముందుగా బేరమాడి, ఆ పిమ్మట వానికి తగిన గాజుబుడ్డిని, రంగువేసిన గులకరాళ్లను, ప్లాస్టిక్ మొక్కను కొని, ఇంటికి వచ్చి కొళాయి త్రిప్పి నీరు నింపువారే నూటికి తొంబదిమంది. వారము తిరుగక ముందే ఆ చేపలు వెల్లకిల పడుటయు, బాలురు కన్నీరు పెట్టుటయు, తమ చేతికి చేపలు అచ్చిరావని పెద్దలు నిర్ణయించుటయు జరిగిపోవును. చేతిలో దోషమేమియు లేదు. దోషమంతయు వరుసలో నున్నది. ముందు నీరు, పిదప నేల, ఆ పిదప మొక్క, కట్టకడపట చేప. ఈ క్రమమును తలక్రిందులు చేయని వాని యింట గాజుకొలను ఏండ్ల తరబడి నిలుచును.

ఈ క్రమము సముద్రములు దాటి వచ్చినదేమియు కాదు. మన కడప మండలమందే, బద్వేలు సీమలో, పోరుమామిళ్ల చెరువు కలదు. విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు, భవదూరుడను నామాంతరము గల భాస్కరుడు, శాలివాహనశకము 1291లో, అనగా క్రీస్తుశకము 1369లో, ఆ చెరువును గూర్చి వేయించిన సంస్కృత శాసనము భారతదేశపు జలవిద్యా చరిత్రలోనే అపూర్వమైనది. దినమునకు వేయిమంది కూలీలును నూరు బండ్లును రెండు సంవత్సరములు పనిచేసి చెరువును ముగించిరని చెప్పి యూరకొనక, మంచి తటాకమునకు పండ్రెండు అంగములును ఆరు దోషములును ఇవి యని ఆ శాసనము విడివిడిగా లెక్కించి చూపినది. జలశాస్త్రము నెరిగిన విద్వాంసుడు, గట్టి బంకనేల, తీయని నీటి యేరు, దిట్టమైన రాతికట్ట, విశాలమై లోతైన గర్భము, పనితనము గల జనము అంగములలో కొన్ని. కట్టనుండి నీరు ఊరుట, చౌటినేల, నడుమ మెరకగా నుండుట, కొద్దినీటికి విస్తారమైన ఆయకట్టు ఏర్పరచుట దోషములలో కొన్ని. ఆరువందల యేండ్లకు పైబడిన ఈ జాబితాను నేను చదివినపుడెల్ల, రెండడుగుల తొట్టె కట్టబోవువానికిని ఇంతకు మించిన పాఠ్యము లేదని నాకు తోచుచుండును. అంచుల సిలికాను పూత సరిగా ఆరక నీరు కారుట మొదటి దోషమే. ఉప్పుమట్టిని అడుగున పరచుట రెండవ దోషమే. ఏబది లీటర్ల నీటిలో ఏబది చేపలను కుక్కుట, కొద్దినీటికి విస్తారమైన ఆయకట్టు గాక మరేమి?

కావున మొదట నీటి పరీక్ష. రాజంపేటలో ఇంటింట వాడుకకు వచ్చు నీరు అధికముగా బోరునీరే. భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగు 1872లో సవిస్తరముగా వర్ణింపగా, కడప పేరు మీదనే లోకమంతట ప్రసిద్ధికెక్కిన అతి ప్రాచీన శిలాసముదాయముపై ఈ సీమ నిలిచియున్నది. మన ప్రక్కనున్న పుల్లంపేట పేరును, అవతలి మంగంపేట ముగ్గురాతి గనులును ఆ శాస్త్రగ్రంథములలో చిరపరిచితములు. ఈ రాళ్ల సందులలో, ముఖ్యముగా సున్నపు పాలుగల పొరలలో, నిలిచిన నీరు కాల్షియము, మెగ్నీషియములను తనలో కరగించుకొని పైకి వచ్చును. అట్టి నీటిలో కందిపప్పు ఎంతకును ఉడకదు, సబ్బు నురుగు కట్టదు, కాచిన గిన్నె అడుగున తెల్లని పొర గట్టిపడును. ఈ మూడు గురుతులును మన గృహిణులు ఎరిగినవే. ఇనుపదారిపై బొగ్గింజనులు నడచిన కాలమున పేరుపొందిన ఇంజన్ల షెడ్డు మన నందలూరులో నుండెడిది. ఆవిరి బాయిలరులకు ఇట్టి నీరు ఎంత శత్రువో ఆ షెడ్డులో పనిచేసిన కుటుంబముల వారు నేటికిని చెప్పగలరు. భారతీయ ప్రమాణముల సంస్థ త్రాగునీటికి కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములు దాటకుండుట మేలనియు, వేరు గతి లేనిచో 600 వరకు సహింపవచ్చుననియు నిర్ణయించినది. నీటి కాఠిన్యమును చుక్కల మందుతో కొలుచు చిన్న పెట్టెలు చేపల దుకాణములలో దొరకును. బోరునీరు వీథివీథికి మారును గనుక పొరుగువాని లెక్కను నమ్మక, తన యింటి నీటిని తానే కొలుచుకొనవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. వంటింటి గట్టులకును, అరలకును దేశమంతట వాడు నల్లని కడపబండ చూపునకు మనోహరమైనది, మనకు చౌకగా దొరకునది; దాని తునకలను తొట్టెలో కొండలవలె పేర్చవలెనన్న కోరిక సహజము. కాని అది సున్నపురాయి. నీటిలో అది కొంచెము కొంచెముగా కరగి, అసలే గట్టిగా నున్న నీటిని మరింత గట్టిపరచును. ఏ రాతినైనను తొట్టెలో నుంచుటకు ముందు దానిపై నాలుగు చుక్కల వెనిగరు గాని నిమ్మరసము గాని వేసి చూడుడు. బుసబుస పొంగినచో అందు సున్నము కలదు, దానిని ప్రక్కన పెట్టవలెను. మన తూర్పు కొండలలోని పలుగురాతి జాతి ఈ పరీక్షకు చలింపదు. చెయ్యేటి ఇసుకను కూడ ఇట్లే పరీక్షించి, నీరు తేటపడు వరకు పలుమార్లు కడిగి వాడవచ్చును.

నీరు మితిమించి గట్టిగా నున్నయెడల దానికి విరుగుడు మన నెత్తిమీదనే కలదు. ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్య ఋతుపవనము తెచ్చు వానను, మొదటి జల్లులు మిద్దెపై దుమ్మును కడిగివేసిన పిదప, శుభ్రమైన పీపాలో పట్టి మూతపెట్టి యుంచినచో, అంతటి మెత్తని నీరు మరెచ్చటను దొరకదు. వాన లేని దినములలో వీథి చివరి ఆర్.ఓ. ప్లాంటు క్యాను నీరు ఆ పని చేయును. అయితే అట్టి నీటిని ఒంటిగా వాడరాదు. అందు మొక్కకుగాని చేపకుగాని కావలసిన ఖనిజములు దాదాపు శూన్యము. బోరునీటిలో సగము పాలో, మూడవ పాలో దానిని కలిపి, ప్రతిమారును అదే పాళమును పాటించుటయే మంచిది. చేపకు నీరు ఇట్టిదే కావలెనన్న పట్టుదల కంటె, నిన్నటి నీరే నేడును ఉండవలెనన్న పట్టుదల మిక్కుటము.

నీటి గుణము తెలిసిన పిదప చేపల యెన్నిక తనంత తానే తేలిపోవును. దుకాణములలో ఎక్కువ మనసులు దోచుకొనునది నియాన్ టెట్రా. నీలి వెలుగు చారయు, దాని క్రింద ఎఱ్ఱని చారయు గల ఆ చేప దక్షిణ అమెరికాలోని అమెజాను ఉపనదులది. 1936లో దానికి శాస్త్రనామము పెట్టిరి. ఆకులు కుళ్లి తేనీటి రంగు తిరిగిన, ఖనిజములు లేని, పులుపు పాలుగల నీటిలో పుట్టిన జాతి యది. దానిని తెచ్చి మన పప్పు ఉడకని నీటిలో విడుచుట న్యాయము కాదు. వాననీటిని ఏడాది పొడుగున సమకూర్చుకొనగల ఓపిక గలవారు దానిని పెంచవచ్చును. తక్కినవారికి నా సలహా జీబ్రా చేప. ఫ్రాన్సిస్ హామిల్టను గంగానదియందలి మత్స్యములను గూర్చి 1822లో ప్రకటించిన గ్రంథమున మొట్టమొదట వర్ణింపబడిన ఈ చేప భారత, బంగ్లాదేశ ప్రాంతముల వాగులలో, మళ్లలో, వానగుంటలలో పెరుగునది. అనగా మన వేసవిని, మన వర్షమును, మన బురదను పుట్టుకతోనే ఎరిగినది. రెండంగుళములు మించని బంగారు వన్నె మేనిపై తలనుండి తోకవరకు పొడవునా సాగిన నీలిచారలు గల దీని అందమును, చవకదనమే మనకు మరుగుపరచినది.

ఈ చవక చేపను ప్రపంచ విజ్ఞానము ఎంత నెత్తిన పెట్టుకొన్నదో తెలిసికొనుట ఉల్లాసకరము. అమెరికాలోని ఆరెగాను విశ్వవిద్యాలయమున జార్జి స్ట్రైసింగరు 1981లో ప్రకటించిన పరిశోధనతో జీబ్రా చేప ప్రయోగశాలలో స్థిరపడినది. దాని గ్రుడ్లును పిండములును అద్దమువలె పారదర్శకములు. గుండె యేర్పడి కొట్టుకొనుటను సూక్ష్మదర్శిని క్రింద కన్నులార చూడవచ్చును. 2013లో దాని జన్యుక్రమమును పూర్తిగా చదివినపుడు, మానవుని జన్యువులలో సుమారు నూటికి 70 వంతులకు ఈ చేపలో సరిజోడు కలదని తేలినది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. అను జీవశాస్త్ర పరిశోధనసంస్థ వారు కూడ ఈ చేపపై పనిచేయుచున్నారు.

జీబ్రాతో బాటు మన దేశవాళి రాస్బోరాలు, పరిగె జాతిలో అంగుళమున్నర మించని పొట్టివి, సింహళపు చెర్రీ బార్బులు ఈ నీటికి అనుకూలములు. రెండడుగుల తొట్టెకు ఒక జాతి చాలును. ఒక్కొక్క రంగుది ఒక్కొక్క జత తెచ్చి కలుపుట పెండ్లి పందిట అన్ని ఊళ్లవారిని చేర్చినట్లు కనులకు నిండుగా నుండవచ్చును గాని, చేపకు అది ఒంటరితనమే. గుంపుచేప తన జాతిని చూచి ధైర్యము తెచ్చుకొనును. ఆరింటికి తగ్గరాదు; ఎనిమిదో పదో ఉన్ననే దాని నడవడి సహజముగా కనబడును. రెండే యున్నచో ఒకటి రెండవదానిని తరుముచునే యుండును, లేదా రెండును మూలన దాగి రంగు కోల్పోవును.

గుంపుగా తిరుగుట వానికి కేవలము అలవాటు కాదు, ప్రాణరక్షణ. జీవశాస్త్రజ్ఞుడు డబ్ల్యు. డి. హామిల్టను 1971లో గణితరీత్యా చూపినదేమనగా, మందలోని ప్రతి జీవియు తనకును శత్రువునకును నడుమ మరియొక జీవి యుండునట్లు జరుగుచుండుటచేతనే మంద దానంతట దగ్గరపడునని. తేనెటీగల నృత్యభాషను వివరించి 1973లో నోబెలు బహుమానము పొందిన కార్ల్ ఫాన్ ఫ్రిష్, అంతకు చాల ముందే, 1938లో, మరియొక విచిత్రమును బయటపెట్టెను: ఒక చిన్న చేప చర్మము గీరుకొనినంతనే దానినుండి వెలువడు పదార్థము నీటిలో వ్యాపింపగా, తక్కిన చేపలు దానిని వాసనచే గ్రహించి భయముతో ఒక్కపెట్టున దగ్గరచేరును. మన పరిగెలు, జీబ్రాలు, అమెజాను టెట్రాలు అన్నియు ఈ శక్తి గల వంశమునకే చెందినవి. కాబట్టి వలతో చేపను పట్టునపుడు దాని పొలుసు ఊడకుండ మెల్లగా పట్టవలెనన్న నియమము మర్యాద కొరకు మాత్రమే చెప్పినది కాదు. ఒకదాని గాయము తొట్టెయంతటికి వార్తయగును. ఇక వాని కదలికలలోని ఆ యేకత్వమో! చేప ప్రక్కన తలనుండి తోకవరకు ఒక స్పర్శరేఖ కలదు. నీటియందలి అత్యల్పమైన ఒత్తిడిని అది పసిగట్టును. 1976లో బ్రిటిషు పరిశోధకులు సైత్ అను సముద్రపు చేపల కన్నులను తాత్కాలికముగా కప్పి విడువగా, అవి చూపులేకయే, ఈ రేఖ యాధారముగా, చూపుగల చేపల బారులో తప్పక ఈదినవి.

ఇప్పుడు తొట్టె. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టె అంచులదాక సుమారు 56 లీటర్ల నీరు పట్టును. గాజు, ఇసుక, నీరు కలిసి 75 కిలోలకు పైబడును గనుక చెక్కబల్ల మీద కాక, గోడవారగా కట్టిన గట్టు మీదనో ఇనుప స్టాండు మీదనో, క్రింద థర్మకోలు పలక పరచి నిలుపవలెను. గుండ్రని బుడ్డి వలదు. అందు గాలి సోకు నీటి వైశాల్యము తక్కువ, చేపకు బారుగా ఈదు తావు లేదు. ఎండ నేరుగా పడు కిటికీ వలదు. పాచి పట్టును, నీరు కాగును. నీరు నింపి రెండు దినములు ఊరక యుంచి, ఎచ్చటను ఊట లేదని రూఢిపరచుకొన్న పిదపనే తరువాతి పని.

అడుగున ఏమి వేయవలెనన్న విషయమున పెక్కు మతములున్నవి. ఖరీదైన విదేశపు మన్ను అక్కరలేదని నా దృఢమైన అభిప్రాయము. డయానా వాల్‌స్టాడ్ అను అమెరికా రచయిత్రి 1999లో ప్రకటించిన గ్రంథమున పెరటి మట్టినే అడుగున ఒక అంగుళము పరచి, పైన అంగుళము ఇసుక కప్పి, మొక్కల బలముతోనే తొట్టెను నడుపు పద్ధతిని శాస్త్రీయముగా సమర్థించినది. మన ఎఱ్ఱనేలలో ఇనుము సమృద్ధి, మొక్కకది బలము. అయితే ఎరువు పడని చోటునుండి తేవలెను. మామిడి, నిమ్మ, అరటి తోటల మన్ను, పశువుల పేడ కలిసిన మన్ను, చౌడు తేలిన మన్ను పనికిరావు. జల్లించి, నానబెట్టి, పైకి తేలిన చెత్త తీసివేసి పరచిన మట్టిపై ఇసుక కప్పినచో నీరు బురద కాదు.

మొక్కలలో మొదట నాటవలసినది వాలిస్నేరియా. నాడాల వలె పొడవుగా పెరుగు ఈ నీటిగడ్డి గట్టి నీటిని సహించుటయే కాక, నీటిలో కరగిన బైకార్బనేటునుండియే తనకు కావలసిన కర్బనమును సంపాదించుకొనగలదు; హైడ్రిల్లా, సెరటోఫిల్లము అను నాచులును అట్టివే. మన గట్టి నీరు వానికి ఆహారమే. వాలిస్నేరియా ముందు బాకోపా అను నీటిబ్రాహ్మి, నీడ సహించు క్రిప్టోకొరైనులు, ఒక మొద్దుకు దారముతో కట్టిన జావా ఫెర్న్, అనూబియాసు చాలును. చెరువునుండి నాచు తెచ్చువారు దానిని వేరు బక్కెటులో రెండు వారములుంచి చూడవలెను. జలగలు, తూనీగ పిల్లపురుగులు అందు దాగియుండును, తూనీగ పురుగు చిన్న చేపను పట్టి తినగలదు. మొదటి దినముననే దట్టముగా నాటుట ముఖ్యము. పలుచగా నాటి, పెరుగునులే యని యుండువానికి మొక్కకంటె ముందు పాచి పెరుగును. ఎల్.ఇ.డి. దీపము దినమునకు ఆరునుండి ఎనిమిది గంటలు చాలును.

మొక్కయు చేపయు కలిసిననే నీరు నిలుచునన్న సత్యమును లండను రసాయనశాస్త్రజ్ఞుడు రాబర్టు వారింగ్టను 1850లో పండ్రెండు గ్యాలనుల గాజుపాత్రలో రెండు బంగారుచేపలను, వాలిస్నేరియా మొక్కను ఉంచి నిరూపించెను. మొదట కుళ్లిన ఆకులు నీటిని చెరుపగా, వానిని తినుటకు నత్తలను చేర్చెను. అప్పుడు సమతూకము కుదిరినది. ఆయన కంటికి కానరాని నాలుగవ పాత్రధారి యొకడున్నాడు: సూక్ష్మజీవి. చేప విసర్జించునది అమ్మోనియా, అది విషము. ఇసుకలో, స్పాంజి ఫిల్టరు రంధ్రములలో కాపురముండు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, మరల నైట్రేటుగను మార్చును. నైట్రేటును మొక్క తినును. ఈ పనిని రెండు తెగలు పంచుకొనునని చిరకాలము నమ్మిరి. రెండు మెట్లను ఒక్కటే యెక్కగల సూక్ష్మజీవి 2015లో కనుగొనబడినది; అది దొరికిన చోట్లలో చేపల పెంపకపు ఫిల్టరు ఒకటి.

ఈ సేన తయారగుటకు నాలుగునుండి ఆరు వారములు పట్టును. చేపలు లేని తొట్టెలో దినము విడిచి దినము చిటికెడు మేత వేసి, అది కుళ్లి అమ్మోనియా పుట్టించుచుండగా చుక్కల మందుతో పరీక్షించుచు, అమ్మోనియాయు నైట్రైటును శూన్యమైన పిదపనే చేపలను తేవలెను. ఆరోగ్యవంతమైన పాత తొట్టెనుండి ఒక స్పాంజిముక్క తెచ్చి చేర్చినచో ఈ కాలము తగ్గును. మన సీమలో ఈ ఓపిక మరింత అవసరమగుటకు కారణమున్నది. నీటి పి.హెచ్. 7నుండి 8కి పెరిగినచో, ఉన్న అమ్మోనియాలోనే విషరూపపు పాలు దాదాపు పదిరెట్లగును. వేడిమి దానిని ఇంకను హెచ్చించును. గట్టి బోరునీరు క్షారమైనది, మన గది వేడియైనది. చల్లని మెత్తని నీటి దేశములలో క్షమింపబడు తొందరపాటు ఇచ్చట క్షమింపబడదు.

చేపలు మనకు అధికముగా చెన్నైలోని కొళత్తూరు నుండి వచ్చును. అలంకార మత్స్యముల పెంపకమునకు, అమ్మకమునకు ఆ పేట పెట్టినది పేరు. ప్రాణవాయువు నింపిన సంచులలో బస్సెక్కియో రైలెక్కియో వచ్చిన చేపను ఉదయపు చల్లదనమున దింపుకొని, సంచిని పావుగంట తొట్టెనీటిపై తేలనిచ్చి, కొంచెము కొంచెముగా తొట్టెనీరు చేర్చి, చేపను మాత్రమే వలతో విడువవలెను. సంచినీరు తొట్టెలో పోయరాదు. వీలైనచో రెండు వారములు వేరు తొట్టెలో ఉంచి రోగము లేదని చూచుకొనుట మేలు. వీనికి తోడుగా బంగారుచేప వలదు, అది మొక్కలను పెకలించును. టైగర్ బార్బు వలదు, అది తోకలు కొరుకును. మేత దినమున కొకటి రెండుమారులు, రెండు నిమిషములలో తినునంత. వారమునకొకమారు నాలుగవ వంతు నీరు మార్చి, తీసిన నీటిని తులసికిని మల్లెకును పోసినచో అవి ఎంత సంతోషించునో చూడవలెను.

ఇక వేసవి. రాజంపేటలో ఎండ 40 డిగ్రీలు దాటు దినములలో ఇంటిలోని తొట్టెనీరు 32, 33కు పోవుట వింత కాదు. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ కరగును. 25 డిగ్రీల వద్ద లీటరునకు ఎనిమిది మిల్లీగ్రాములకు పైగా నిలుచునది 35 వద్ద ఏడింటికి తగ్గును, చేప ఊపిరి మాత్రము పెరుగును. తొట్టె మూత తీసి సన్నని వల కప్పి, నీటిపై గాలి తగులునట్లు చిన్న ఫ్యాను పెట్టినచో, మన గాలి పొడిగా నుండుటచేత ఆవిరి త్వరగా లేచి రెండు మూడు డిగ్రీలు తగ్గును. కరెంటు పోయినను ఆగని బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట నుండవలెను. అయితే ఆవిరియైపోవునది నీరు మాత్రమే, ఉప్పు కాదు. తగ్గిన నీటిని బోరునీటితోనే నింపుచు పోయినచో, ఏటేట చౌడు తేలు పొలమువలె తొట్టె యుప్పెక్కును. పోరుమామిళ్ల శాసనకర్త చెప్పిన ఆ దోషము గాజులోపల ప్రత్యక్షమగును. కావున ఎండినంత నీటిని వాననీటితోనో ఆర్.ఓ. నీటితోనో నింపుటయు, వారపు మార్పునకు మాత్రమే కలిపిన నీటిని వాడుటయు నియమముగా పెట్టుకొనవలెను.

చివరగా మిక్కిలి గంభీరముగా చెప్పవలసిన మాట యొకటి కలదు. పువ్వు అందమునకు మురిసి తెచ్చుకొన్న గుర్రపుడెక్క దేశమందలి చెరువులను, కాలువలను ఎట్లు కప్పివేసినదో మనమందరము చూచుచున్నాము. తొట్టె గాజును నాకి శుభ్రపరచునని తెచ్చిన సక్కరు చేప అడుగుకు మించి పెరిగి, పెంచలేనివారు చెరువులలో విడువగా, నేడు తెలుగునాట జాలరుల వలలు చించుచు దెయ్యపుచేప యని పేరు పొందినది. దానిని తొట్టెకు తేనే తేవలదు. జీబ్రాలు బహుసంతానము గలవి; తెల్లవారు వేళ గ్రుడ్లు చల్లును, అడుగున గోలీలు పరచినచో తల్లిదండ్రుల నోటబడక రెండు మూడు దినములలో పిల్లలగును. సంఖ్య మించిన నాడు వానిని సమీప కళాశాల జంతుశాస్త్ర విభాగమునకో, క్రొత్తగా తొట్టె పెట్టబోవు మిత్రునకో, ఆరింటికి తగ్గకుండ గుంపుగా ఈయవలెను గాని, చెయ్యేటి మడుగులోను ఒంటిమిట్ట చెరువులోను వదలరాదు. కత్తిరించిన మొక్కల తునకలను కాలువలో పారవేయక, మిద్దెమీద ఒక దినము బాగుగా ఎండనిచ్చి, చెట్ల పాదులలో కలుపవలెను.